నన్ను సబ్బు తెమ్మని పంపిన రోజు

శనివారం

మా ఆవిడ పోయిన రోజున మా అమ్మాయి నన్ను సబ్బు తెమ్మని కిందకు పంపింది. ఆరేళ్ళుగా ఈ మాట నా లోపల ఉడుకుతూనే ఉంది.

ఆసుపత్రి కింద అంగడి మూసి ఉంది. రోడ్డు దాటి ఇంకో వీధికి పోయి కొన్నాను. లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్లెక్కి వచ్చాను. వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగుతోంది, అమ్మాయి పెన్నుకు మూత పెడుతోంది. గొంతులో గొట్టం వేయొద్దు, మిషను పెట్టొద్దు అని కాగితం మీద సంతకం చేసేసింది. నేను మొగుణ్ణి. బతికే ఉన్నాను. మెట్ల మీదే ఉన్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు.

నాకు పెద్ద చదువు లేదనేగా. ఆసుపత్రి కాగితం కూడబలుక్కుని చదివేవాడికి పెళ్ళాం చావు బతుకుల్లో మాట ఉండదన్నమాట. ఓడలు కట్టే యార్డులో పని చేసినన్నాళ్ళూ క్రేను కింద నిలబడి, నేను చెయ్యి ఎత్తితే బరువు ఎత్తారు, దించితే దించారు. పైన కూర్చున్నవాడు ఎంత చదివినా నా చెయ్యి చూడకుండా మీట కదపలేదు. ఇంట్లో మాత్రం నేను సబ్బుకు పనికొచ్చాను.

ఇన్నాళ్ళూ అడగలేదు. ఎందుకు అడగలేదంటే అడగలేదు, అంతే.

ఇప్పుడు అమ్మాయికి పెద్ద ఓడరేవులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చింది. చేరేలోపల కొన్నాళ్ళు ఖాళీ దొరికిందని నన్ను ఈ సముద్రం దగ్గరకు తీసుకొచ్చింది. వచ్చే ఆదివారం ఇక్కణ్ణుంచి తను అటు, నేను ఇటు. ఆలోపల అడుగుతాను. ఎందుకు పంపావు అని అడుగుతాను. ఆ ఒక్క మాట తేల్చుకోవడానికే వచ్చాను, సముద్రం చూడ్డానికి కాదు. సముద్రం నేను చూడనిదా.

ఆదివారం

గది బాగానే ఉంది. రెండు మంచాలు, ఒక ఫ్యాను, తలుపు కింద నుంచి ఇసుక వస్తుంది. లాడ్జి ఆవిడ పొద్దున్నే చీపురుతో ఆ ఇసుకను బయటికి తోస్తుంది, సాయంత్రానికి అది మళ్ళీ వస్తుంది. విసుగు లేదా తల్లీ అని అడిగాను. మీకు గడ్డం గీసుకోవడానికి విసుగు లేదా అంది. నోరున్న మనిషి.

అమ్మాయి ఊరికే కూర్చోవడానికి రాలేదట. కైట్ సర్ఫింగ్ నేర్చుకుంటుందట. గది పుచ్చుకునేటప్పుడే పేరు ఇచ్చేసింది, నాకు ఇవాళ చెప్పింది. నడుముకు పట్టీ కట్టుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, గది అంత పెద్ద గాలిపటానికి తాళ్ళు కట్టుకుని నీళ్ళ మీద ఈడ్పించుకోవడం. ఈ వయసులో ఇదేం ఆటే అన్నాను. ఏ వయసులో ఆడాలో చెప్పు నాన్నా, అప్పుడే ఆడతాను అంది.

నవ్వింది. నవ్వితే అచ్చం వాళ్ళమ్మే. అందుకే నేను తల తిప్పేసుకున్నాను.

నేర్పేవాడు నల్లద్దాలు తీయడు. భోజనం దగ్గర కూడా అంతే. వాడికి నేను నల్లద్దాలు అని పేరు పెట్టాను. వాడు నన్ను తాతా అన్నాడు. నేను ఇంకా ఎవరికీ తాతను కాలేదు, అది నా తప్పు కాదు అన్నాను. అమ్మాయి నా వంక ఒక చూపు చూసింది. పెళ్ళి మాట ఎత్తనని ఒప్పుకుని వచ్చాను కాబట్టి అంతటితో ఆపాను.

సోమవారం

ఇసుకలో చిన్న గాలిపటంతో నేర్పాడు. నాకు పాక కింద కుర్చీ వేశారు.

చేతుల్లో ఒక కడ్డీ ఉంటుంది. తాళ్ళన్నీ దానికే. దాన్ని దగ్గరకు లాక్కుంటే గాలిపటం బలంగా గుంజుతుంది, చేతులు సాచి దూరం పోనిస్తే చల్లబడుతుంది. భయమేస్తే వదిలేయాలి, అదొక్కటి వస్తే మిగతాదంతా వస్తుంది అని నల్లద్దాలు పదే పదే చెప్పాడు. ఎక్కడికీ ఎగిరిపోదట, నడుము పట్టీకి ఇంకో తాడు ఉంటుందట.

వదిలేయడం నేర్పడానికి ఒక మాస్టరట. నాకు నవ్వొచ్చింది. గాలిలో బరువు వేలాడుతుండగా తాడు వదిలినవాణ్ణి మా యార్డులో మర్నాడు గేటు లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ మాటే పైకి అన్నాను. పెద్దాయనా, ఇక్కడ బరువు మనిషే అన్నాడు వాడు. మాటలు బాగా వచ్చు.

ఏం పని చేసేవారు అని అడిగాడు. చెప్పాను. సైగ కనపడనప్పుడు ఏం చేసేవారు అన్నాడు. అరిచేవాణ్ణి అన్నాను. అన్ని ఇంజన్ల మోతలోనా అన్నాడు. ఒకసారి వింటావా అని అరిచి చూపించాను. దూరంగా నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇసుకలో ఉన్న అమ్మాయి మాత్రం ఉన్న చోటనే బిగుసుకుని నిలబడిపోయింది. గాలిపటం నేలకు కొట్టుకుంది. నాన్నా, అలా అరవకు అంది తర్వాత. మామూలుగానే అంది.

మంగళవారం

గాలి లేదు. అడగలేదు.

బుధవారం

ఇవాళ అడిగాను. అంటే, అడిగినట్టే.

పొద్దున పలక లేకుండా నీళ్ళలో బోర్లా ఈడ్పించుకుంది. ఒంటి నిండా ఉప్పు, మోచేతుల నిండా గీతలు, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఒంటిగంటకు అన్నం దగ్గర కూర్చున్నాం. ఇదే సమయం అనుకున్నాను. నీకు నాతో చెప్పాల్సింది ఏమన్నా ఉందా అన్నాను.

ఉంది అంది. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

ఫోన్ తీసి కొత్త క్రేను బొమ్మ చూపించింది. పైన అద్దాల గదిలో కుర్చీ, దాని ముందు తెరలు. కింద మనిషి అక్కర్లేదట. సైగలు చేసేవాడే ఉండడట, అంతా తెర మీద కనపడుతుందట. మరి తెర ఆరిపోతే అన్నాను. ఇంకో తెర ఉంటుంది అంది. అదీ ఆరిపోతే అన్నాను. అప్పుడు నిన్ను పిలుస్తాను నాన్నా అంది. లాడ్జి ఆవిడ కూడా నవ్వింది.

తర్వాత అసలు మాట చెప్పింది. అక్కడ ఇల్లు ఇస్తారట, రెండు గదులు. నువ్వు నాతో వచ్చేయ్ అంది. ఒక్కడివే ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ ఎన్నాళ్ళు ఉంటావు అంది. నేను గోడలతో మాట్లాడతానని ఎవరు చెప్పారు దీనికి. పక్కింటివాళ్ళు చెప్పి ఉంటారు. గోడలతో కాదు. మా ఆవిడతో.

చూద్దాంలే అన్నాను. రమ్మన్నందుకు ఒళ్ళంతా తేలికైంది. ఆ తర్వాత అంతకంటే బరువెక్కింది. అడగకుండా పోయి ఆ గదుల్లో ఎలా ఉండను? రోజూ ఆ చేతి కూడు తింటూ, ఈ చేతే గదా సంతకం పెట్టింది అనుకుంటూ ఎలా ఉండను? అడిగితే ఆ గదులు ఉంటాయా?

మళ్ళీ మొదలుపెట్టబోయాను. ఆ రోజు ఆసుపత్రిలో, అన్నాను. సాయంత్రం మందు వేసుకున్నావా అంది. ఇంకా సాయంత్రమే కాలేదు.

కాబట్టి అడిగినట్టే. జవాబు చెప్పనిది తనే.

గురువారం

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అమ్మాయి మొదటిసారి పలక మీద లేచి నిలబడింది. నేను చూశాను. నీళ్ళలో కూర్చుని ఉన్నది ఉన్నట్టుండి లేచింది, నడుము వెనక్కి వాల్చి, చేతులు సాచి, నీళ్ళ మీద గీత గీసినట్టు పోయింది. మనసులో మాట చెప్పాలంటే, నాకు గర్వంగా అనిపించింది. పక్క కుర్చీలో ఎవరూ లేరు, ఉంటే చెప్పేవాణ్ణి.

తిరిగి ఒడ్డు వైపు వస్తుండగా గాలి ఒక్కసారి తోసింది. గాలిపటం పక్కకు పడి మళ్ళీ పైకి గుంజింది. పలక కాళ్ళ కింద నుంచి జారిపోయింది. అమ్మాయి రాళ్ళ కట్ట వైపు వస్తోంది. నల్లద్దాలు నడుము లోతు నీళ్ళలో నిలబడి రేడియోలో ఏదో చెబుతున్నాడు. అమ్మాయి టోపీలో చిన్న రేడియో ఉంటుంది, దానికి వినపడుతుంది.

నేను లేచాను. పట్టుకో, వదలకు అని అరిచాను. యార్డులో అరిచినట్టే అరిచాను.

పట్టుకుంది. కడ్డీని ఛాతీకి లాక్కుని పట్టుకుంది. గాలిపటం దాన్ని నీళ్ళలోంచి పైకి లేపి, రాళ్ళకు ఇవతల తడి ఇసుక మీద విసిరేసింది.

భుజం దగ్గర ఎముక విరిగింది. మెడకూ భుజానికీ మధ్యన ఉండే ఎముక.

గురువారమే, ఆసుపత్రి నుంచి వచ్చాక

చిన్న ఆసుపత్రి. గోడలకు ఆకుపచ్చ రంగు, కూర్చోవడానికి ఇనుప బెంచీ. చేతిని మెడకు కట్టి పడుకోబెట్టారు. ఈసారి నన్ను ఎక్కడికీ పంపడానికి వీల్లేదని మంచం పక్కనే కూర్చున్నాను. నర్సు పక్కకు జరగమంది. జరగలేదు.

నల్లద్దాలు వచ్చాడు. అద్దాలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. అద్దాలు లేకపోతే మామూలు మొహమే, భయపడిన మొహం. నీకు నేర్పడం రాదు అని వాణ్ణి కడిగేశాను. పిల్ల రాళ్ళ మీదకు వస్తుంటే బొమ్మలా నిలబడి రేడియోలో కబుర్లు చెప్పావు అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు.

అప్పుడు అమ్మాయి కళ్ళు తెరిచింది. ఆయన్ని ఏమీ అనకు నాన్నా అంది. వదిలేయమని చెప్తూనే ఉన్నాడు, నాకు వినపడుతూనే ఉంది అంది.

“మరి వదలలేదేం?” అన్నాను.

“నువ్వు వదలొద్దన్నావుగా.”

నల్లద్దాలు మెల్లగా బయటికి పోయాడు.

నేనేదో అన్నాను. ఇప్పుడు గుర్తు లేదు. నేను చెప్తే మాత్రం నీ బుద్ధి ఏమైంది అని అన్నట్టున్నాను. అమ్మాయి గట్టిగా మాట్లాడలేదు. ఊపిరి తీస్తే నొప్పి పుడుతోంది దానికి.

“నువ్వు అరిస్తే నా చేతులు నా మాట వినవు నాన్నా. చిన్నప్పట్నుంచీ అంతే. అమ్మకీ అంతే. అందుకే గొట్టం వద్దని సంతకం పెట్టేటప్పుడు నిన్ను పిలవద్దంది.”

“ఎవరు?”

“అమ్మే. ఆయన్ని ఎక్కడికన్నా పంపించు, ఆయన వేయించుకో అంటే నేను మళ్ళీ సరే అనేస్తాను, అంది.”

ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. సబ్బు కూడా ఆవిడే చెప్పిందా అని అడిగాను. ఎందుకు అడిగానో.

“లేదు. సబ్బు నా నోటికి వచ్చింది.”

అంతే జరిగింది. ఇంకేమీ లేదు.

శుక్రవారం

నేను చెప్పింది తప్పు కాదు. బరువు గాలిలో ఉండగా తాడు వదలకూడదు. ఇది ఎవరినైనా అడగండి.

శుక్రవారం, సాయంత్రం

అమ్మాయి అబద్ధం చెప్పింది. తన సంతకాన్ని వాళ్ళమ్మ మీదకు నెట్టింది. ఎముక విరిగిన మనిషి ఏదైనా అంటుంది. సూది మందు మత్తులో అంది.

మత్తులో ఉన్నా నర్సుకు తన పుట్టిన తేదీ సరిగ్గా చెప్పింది.

నేను ఇంట్లో ఎప్పుడు అరిచాను? యార్డులో అరిచేవాణ్ణి, అది పని. ఇంటికి వచ్చాక గొంతు తగ్గించేవాణ్ణి. తగ్గించాననే అనుకునేవాణ్ణి. మా ఆవిడ ఏనాడూ నా మాటకు ఎదురు చెప్పలేదు. అందరి దగ్గరా చెప్పుకునేవాణ్ణి, మా ఇంట్లో గొడవలే లేవని. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆమె వద్దు అనలేదు.

ఒక్కసారి అనాలనుకుంటే నన్ను గదిలోంచి పంపేయాల్సి వచ్చింది.

పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

అన్నం తినలేదు. లాడ్జి ఆవిడ పళ్ళెం తలుపు దగ్గర పెట్టి, పిలిచి, పిలిచి, మళ్ళీ తీసుకుపోయింది. అమ్మాయి పక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర పోవడం లేదు, నాకు తెలుసు. అది చిన్నప్పుడు నిద్ర నటించేటప్పుడు కూడా ఇలాగే ఊపిరి బిగపట్టేది. ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఇన్నాళ్ళూ దాని మీద కోపం ఒకటి ఉండేది, పొద్దున లేవగానే చేతికి కర్రలా దొరికేది. ఇప్పుడు అదీ లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోను? పోయినదాని మీదనా?

శనివారం, పొద్దున

అమ్మాయి ఓడరేవు ఆఫీసుకు ఫోన్ చేసింది. ముందు కొన్నాళ్ళు తరగతి గదిలోనే కూర్చోబెడతారట, చెయ్యి కట్టుకునైనా రమ్మన్నారు. రేపు మధ్యాహ్నం బస్సు. రెండు టికెట్లు తీసింది. నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. వద్దంటే ఒకటి చింపేస్తుంది, అది ఇప్పుడు నాకు తెలుసు. వస్తానంటే పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. నాకు కావాల్సింది ఆ రెండూ కాదు.

ఎడమ చేత్తో జడ వేసుకోలేకపోతుంటే లాడ్జి ఆవిడ వచ్చి వేసింది. నేను వేస్తాననలేదు. నాకు రాదు.

శనివారం, మధ్యాహ్నం

కుర్చీ ఎండలోకి లాక్కుని కూర్చున్నాను. సముద్రం మీద నాలుగైదు గాలిపటాలు ఉన్నాయి. ఎవరో కొత్తవాడు పడుతూ లేస్తూ ఉన్నాడు. నల్లద్దాలు వాడికీ అదే చెబుతున్నాడు.

ఒకటి గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకపోయినా బాగుండేది.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో మా ఆవిడ ఏదీ తాగడం మానేసింది. నర్సు చెప్పినా తాగలేదు, అమ్మాయి బతిమాలినా తాగలేదు. నేను పోయి గ్లాసు పట్టుకుని తాగు అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. నా కళ్ళలోకి చూస్తూ గ్లాసెడు పాలు తాగింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తాగింది. మూతి తుడిచాను. చేయి పట్టుకుంది. చూశారా, నా చేత్తో ఇస్తే తాగింది అని నర్సులకు చెప్పాను, డాక్టరుకు చెప్పాను, వార్డు తుడిచే మనిషికి చెప్పాను. ఆరేళ్ళుగా నాకు మిగిలింది అదొక్కటే. సబ్బు తలుచుకుని మండిపడ్డ రోజు కూడా, పాలు తలుచుకుని చల్లబడేవాణ్ణి.

ఇప్పుడు ఆ గ్లాసు తలుచుకోవాలంటే భయం వేస్తోంది.

ఇష్టపడి తాగిందా? నేను తాగమన్నాను కాబట్టి తాగిందా? ఆ చేయి పట్టుకోవడం ఏమిటి? దగ్గరకు లాక్కోవడమా, ఇక చాలనడమా? ఆమెను అడిగే దారి లేదు. అమ్మాయికి కూడా అది తెలియదు. అమ్మాయికి తెలిసింది ఒక్కటే. నన్ను పంపేయమన్న మాట వాళ్ళమ్మ ఏ రోజున చెప్పిందో తెలుసు.

పాలు తాగిన తర్వాత చెప్పి ఉంటే, ఆ పాలు నావి. అప్పటికి ఆమె ఇంకా నాతోనే ఉందన్నమాట, తర్వాత నొప్పి ఎక్కువై మనసు మార్చుకుంది. అంతకు ముందే చెప్పి ఉంటే, పోవాలని తేల్చుకుని, నన్ను పంపేయమని బిడ్డతో చెప్పుకుని, ఆ తర్వాత నా చేతి పాలు తాగింది. నా మాట కాదనలేక. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని.

నేను గట్టిగా అడిగితే అమ్మాయి నాకు కావాల్సిందే చెబుతుంది. గురువారం కడ్డీని ఎలా పట్టుకుందో చూశాను గదా. అందుకని అరవను. ఏ జవాబు కావాలో మొహంలో కనపడనివ్వను. అది కష్టం కాదు. ఏది కావాలో నాకే తెలియదు.

శనివారం, సాయంత్రం

అడిగాను. అడిగినట్టు కాదు, అడిగాను.

మంచం మీద కూర్చుని ఒంటి చేత్తో బట్టలు మడుస్తోంది. నేను దాని ఎదురుగా కాకుండా పక్కన, గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నాను. నా మొహం చూడకు అన్నాను. ఎందుకు నాన్నా అంది. చూడకు, అంతే అన్నాను. తర్వాత పాల సంగతి చెప్పి, అమ్మ నీతో ఆ మాట చెప్పింది పాలకు ముందా, తర్వాతా అని అడిగాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా అడిగాను.

మడుస్తున్న చేయి ఆగింది. దానికి తెలుసు, ఆ ఆగడంలోనే తెలిసింది.

“ఏదో ఒకటి చెప్పెయ్యమంటావా?” అంది.

“వద్దు.”

“ఇప్పుడే చెప్పాలా?”

ఇప్పుడే అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. లేచి కిటికీ దగ్గరకు పోయాను. బయట గాలిపటాలన్నీ దించేసి మడుస్తున్నారు.

“రేపు బస్సు కదిలేలోపల. నిజమే చెప్పు. ముందైతే ముందు, తర్వాతైతే తర్వాత. రేపు మధ్యాహ్నం లోపల చెప్పాలి. చెప్పేదాకా నేను మెట్టు ఎక్కను.”